క్యామ్ షాఫ్ట్‌కి ముహూర్తం

మా బావ కారుకి కొత్త సిలిండర్ హెడ్లు బిగించిన ఆ రెండు నెలల్లో నేను ఎంతమంది మీద అరిచానో లెక్కే లేదు. అరవడం నాకు కొత్తేమీ కాదు. ఫిల్మ్‌నగర్‌లో, షేక్‌పేట వైపు దిగే ఏటవాలు రోడ్డు మీద కార్ల షెడ్డు నడిపే ఆడదానికి గొంతు లేకపోతే ఒక్క నట్టు కూడా బిగియదు. మా నాన్న తెనాలి నుంచి వచ్చి ఇక్కడ సినిమా బళ్ళు బాగుచేయడం మొదలుపెట్టారు. ఆయన తర్వాత షెడ్డూ స్పానర్లూ ఆయన కోపమూ కలిపి నాకే దఖలు పడ్డాయి. మా అక్కకి ఆయన ఓపిక వచ్చిందని చుట్టాలంటారు. అక్కతో ఒక్క పూట పనిచేసి చూడమనండి, అప్పుడు మాట్లాడదాం.

అక్క ప్రేమించి పెళ్ళి చేసుకున్న మనిషే మా బావ. గోల్కొండ దగ్గర పుట్టి పెరిగినవాడు. హీరోలకి డూపుగా కార్లు తోలడం ఆయన వృత్తి. ముప్ఫై ఏళ్ళుగా తెర మీద ఆయన మోచెయ్యి కనపడింది, వీపు కనపడింది, ఒకసారి దుమ్ములో చెవి కూడా కనపడింది. మొహం మాత్రం ఎప్పుడూ కనపడలేదు. కనపడితే షాట్ పోయినట్టే మరి. ఇప్పుడు వయసు అరవైకి దగ్గర పడింది. ఛేజ్‌లన్నీ కంప్యూటర్లో చేసేస్తున్నారు. ఫోన్లు రావడం తగ్గి, ఆ తర్వాత ఆగిపోయాయి. ఆయన దాని గురించి ఎప్పుడూ మాట్లాడడు. పొద్దున్నే లేచి షూలు వేసుకుని, టీ తాగి, ఎక్కడికీ పోకుండా కూర్చుంటాడని అక్క చెప్పేది.

ఆయనకంటూ ఉన్న ఒకే ఒక ఆస్తి, మూతపడ్డ ఒక స్టూడియో వాళ్ళ దగ్గర ఎప్పుడో కొన్న పాత అమెరికన్ కారు. ఎనిమిది సిలిండర్ల ఇంజిన్. దాని మీద ఒక సూపర్‌చార్జర్ కూడా పెట్టించుకున్నాడు, అంటే గాలిని ఇంజిన్‌లోకి బలవంతంగా కుక్కే యంత్రం. జూబ్లీహిల్స్ కుర్రాడొకడు, రెండో సినిమా తీస్తున్న డైరెక్టర్, ఆ కారుని మా షెడ్డులో చూసి పిచ్చెక్కిపోయాడు. "మాస్టర్, నా సినిమాలో ఛేజ్ మొత్తం రియల్‌గా తీస్తాను. కట్ లేకుండా ఒకే షాట్. మీ కారు, మీ డ్రైవింగ్. కానీ షెడ్యూల్ మొదలయ్యేసరికి బండి రెడీగా ఉండాలి. లేకపోతే ప్రొడ్యూసర్ గ్రాఫిక్స్ అంటాడు, నేనేం చేయలేను" అన్నాడు.

కుర్రాడు వెళ్ళాక బావ నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"మరదలా, ఇది ఆఖరుది. ఇదొక్కటి నడిపి ఇగ బంద్ జేస్తా. బండి నీ చేతుల పెడుతున్న."

అంతే. ఇంక నేను కాదంటానా?

కానీ ఆ ఇంజిన్ అప్పుడున్న స్థితిలో ఛేజ్ చేస్తే బావ ఇంటికి తిరిగొస్తాడన్న నమ్మకం నాకు లేదు. సూపర్‌చార్జర్ గాలిని కుక్కుతోంది, సరే. ఆ గాలి పోయే దారులు సిలిండర్ హెడ్‌లో ఉంటాయి. ఆ దారులకి తలుపులు వాల్వులు. తలుపుల్ని టైముకి మూసేవి స్ప్రింగులు. దారులు సన్నం, స్ప్రింగులు ముసలివి. స్పీడ్ పెరిగితే వాల్వు మూసుకునే లోపే పిస్టన్ పైకొచ్చి దాన్ని గుద్దుతుంది. అప్పుడు ఇంజిన్ ఉన్నపళంగా బిగుసుకుపోతుంది, వెనక చక్రాలు లాక్ అవుతాయి, కారు పల్టీ కొడుతుంది. లోపలున్నది మా అక్క మొగుడు. అందుకని హెడ్లు మార్చాలి, పెద్ద వాల్వులు వెయ్యాలి, ఒకదానిలో ఒకటి దూర్చిన జంట స్ప్రింగులు వెయ్యాలి, వాల్వుల్ని ఎప్పుడు ఎంత తెరవాలో నడిపించే క్యామ్ షాఫ్ట్ కూడా కొత్తది వెయ్యాలి.

ఇక మొదలైంది నా బాధ. సినిమావాళ్ళకి బండి బాగుచేస్తే ఊరంతా ఇంజనీర్లే. ప్రొడక్షన్ మేనేజర్ వచ్చి, "సౌండ్ ఎలాగూ డబ్బింగ్‌లో వేస్తాం కదండీ, ఇంజిన్‌కి ఇంత హంగామా ఎందుకు?" అన్నాడు. నేను చేతిలో ఉన్న స్పానర్ కింద పెట్టి మరీ ఆయనకేసి చూశాను, ఆయన వెళ్ళిపోయాడు. ఆర్ట్ డిపార్ట్‌మెంట్ వాళ్ళొచ్చి హెడ్లకి ఎర్ర రంగు వేస్తామన్నారు. బానెట్ మూసే ఉంటుంది కదయ్యా అంటే, "ఫీల్ ఉంటుందక్కా" అన్నారు. డైరెక్టర్ కుర్రాడు రెండు రోజులకొకసారి ఫోన్ చేసి సైలెన్సర్‌లోంచి మంట వస్తుందా అని అడిగేవాడు. వస్తుంది నాయనా, నా నోట్లోంచి వస్తుంది, వచ్చి చూసుకో అన్నాను. వాడు నవ్వాడు. వీళ్ళకి తిట్టు కూడా డైలాగులాగే వినపడుతుంది.

నేను మాత్రం నా పని నేను చేశాను. ప్రతి పిస్టన్ మీదా మైనపు ముద్ద పెట్టి, హెడ్ బిగించి, ఇంజిన్‌ని చేత్తో తిప్పి, మళ్ళీ విప్పి, వాల్వు ఆ ముద్దని ఎంత లోతు నొక్కిందో కొలిచాను. ఒకచోట సందు తక్కువొస్తే మళ్ళీ మొదటికొచ్చాను. చేతులు కమిలిపోయాయి. బావ పక్కన స్టూలు వేసుకుని కూర్చునేవాడు. ఏదీ అడిగేవాడు కాదు. నేను చెయ్యి చాపగానే కావలసిన స్పానర్ చేతిలో ఉండేది. ఆ రెండు నెలల్లో నన్ను విసిగించని మనిషి ఆయనొక్కడే.

ఒక్కటే చిక్కు. కొత్త రకం క్యామ్ షాఫ్ట్ తెప్పిస్తే షెడ్యూల్ దాటిపోతుంది. అందుకని పాత పద్ధతిదే వేశాను, ఇనుము మీద ఇనుము రాసుకుంటూ తిరిగే రకం. దానికి ఒక నియమం ఉంది. మొట్టమొదటిసారి ఇంజిన్ స్టార్ట్ చేశాక ఇరవై నిమిషాలు ఆపకూడదు. నిదానంగా కూడా తిరగనివ్వకూడదు. యాక్సిలరేటర్ తొక్కిపట్టి ఒకే జోరులో ఉంచాలి. జోరుగా తిరిగినప్పుడే నూనె ఎగిరి క్యామ్ మీద పడుతుంది. అప్పుడే ఆ రెండు ఇనుములూ ఒకదానికొకటి నునుపుగా అలవాటవుతాయి. మధ్యలో ఆపితే, నెమ్మదిగా తిప్పితే, కొత్త క్యామ్ నిమిషాల్లో అరిగి రాలిపోతుంది. ఆ మొదటి ఇరవై నిమిషాలు క్యామ్ మీద బరువు తగ్గించడానికి జంట స్ప్రింగుల్లో లోపలివి తీసి పక్కన పెట్టాను కూడా. అంత నాజూకైన వ్యవహారం అది.

కాబట్టి నా ఉద్దేశం ఏంటంటే, షెడ్డు తలుపులు మూసుకుని నేనూ బావా ఇద్దరమే ఆ ఇరవై నిమిషాలు కానిచ్చేయాలని. ఇంతలో మా అక్క దిగింది.

"ముహూర్తం పెట్టించాను" అంది.

"దేనికే?"

"స్టార్ట్ చేయడానికి. పంతులుగారు చూసి చెప్పారు. డైరెక్టర్‌కి కూడా చెప్పాను. ఆ అబ్బాయి ఎంత సంతోషపడ్డాడో! సినిమా ఓపెనింగ్ అదే రోజు మన షెడ్డులోనే పెట్టుకుంటాడట. తొలి షాట్టే మీ బావ కారు స్టార్ట్ చేయడం."

నేను తల పట్టుకున్నాను. ముందురోజు గుట్టుగా ఇరవై నిమిషాలు తిప్పేస్తాను, మర్నాడు ముహూర్తానికి ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు స్టార్ట్ చేసుకోండి, దండలేసుకోండి, హారతులిచ్చుకోండి, నాకేం అభ్యంతరం లేదు అన్నాను.

"ముందే స్టార్ట్ చేసేస్తే ఇంక ముహూర్తం దేనికి? ఆయన జీవితంలో ఇన్నాళ్ళకి ఒక ఓపెనింగ్ ఆయన పేరు మీద జరుగుతుంటే నీకేంటే ఏడుపు?" అంది అక్క. బావ కూడా, "మాటిచ్చిన మరదలా, మీ అక్కకి" అన్నాడు నెమ్మదిగా.

సరే, ఏం చేస్తాం. ముహూర్తానికే స్టార్ట్ చేద్దాం, కానీ ఆపొద్దు. డైరెక్టర్‌కి నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాను. కెమెరామన్‌కి చెప్పాను. మేనేజర్‌ని నిలబెట్టి చెప్పాను. బావకి ఎన్నిసార్లు చెప్పానో నాకే తెలీదు. ఆఖరికి ఆయన, "సమజైంది మరదలా. ఇరవై నిమిషాలు కాలు తియ్య. ఇంకెన్నిసార్లు జెప్తవు?" అని నవ్వాడు. నేను చెప్పాల్సిన మనిషి ఇంకొకరున్నారని నాకు తట్టలేదు.

సినిమా ఓపెనింగ్ అంటే తెలుసు కదా. ఒక పెద్దాయన క్లాప్ కొడతాడు, ఇంకొక పెద్దాయన కెమెరా స్విచాన్ చేస్తాడు, మూడో పెద్దాయన తొలి షాట్‌కి గౌరవ దర్శకత్వం వహిస్తాడు. అసలు డైరెక్టర్ చేతులు కట్టుకుని పక్కన నిలబడతాడు. ఆ గౌరవ దర్శకత్వానికి బంజారాహిల్స్ నుంచి ఒక పాతకాలపు నిర్మాతని పిలిచారు. తెల్ల పంచె, తెల్ల చొక్కా, మొహం నిండా చల్లని నవ్వు. ఆయన వచ్చిందే ముహూర్తానికి అయిదు నిమిషాల ముందు. రాగానే శాలువా కప్పారు, కుర్చీ వేశారు, ఫోటోలు దిగారు. క్యామ్ షాఫ్ట్ గురించి ఆయనకి చెప్పాలని ఒక్కరికీ తోచలేదు. నాకూ తోచలేదు, నేను బానెట్ కింద నూనె పైపు చూసుకుంటున్నాను.

చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. కొబ్బరికాయ కొట్టారు. బావ కొత్త చొక్కా వేసుకుని స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. జీవితంలో మొదటిసారి కెమెరా ఆయన మొహం మీద ఉంది. ఆ మొహం చూసి నాకు కూడా ఒక్క క్షణం కోపం పోయింది, అబద్ధమెందుకు చెప్పాలి.

క్లాప్ పడింది. పెద్దాయన చెయ్యెత్తి "యాక్షన్!" అన్నారు. బావ తాళం తిప్పాడు. ఇంజిన్ ఒక్క పట్టున అందుకుంది. మా షెడ్డు రేకులు అదిరిపోయాయి. బావ కాలు సరిగ్గా నేను చెప్పిన జోరు దగ్గర నిలిపాడు. నూనె ఒత్తిడి బాగుంది. ఆ శబ్దం ఎలా ఉందో నాకు చెప్పడం రాదు.

"కట్! శభాష్!" అన్నారు పెద్దాయన, నిండు గొంతుతో.

బావ చెయ్యి వెళ్ళి తాళం తిప్పేసింది. ఇంజిన్ ఆగిపోయింది. అందరూ చప్పట్లు.

నేను "ఆపొద్దు!" అని అరిచాను. ఆ చప్పట్లలో ఎవరికి వినపడుతుంది? బానెట్ చుట్టూ తిరిగి బావ దగ్గరికి పోబోతే అక్క హారతి పళ్ళెంతో ఎదురొచ్చి, "ఉండవే, హారతి దాటకూడదు" అని నా చెయ్యి పట్టుకుంది. ఇంతలో ఫోటోగ్రాఫర్ ఎవడో తన ఫోటో సరిగ్గా రాలేదన్నాడు. పెద్దాయన ఎంతో ఉదారంగా, "దాందేముందయ్యా, ఇంకోసారి చేద్దాం. కాస్త నెమ్మదిగా, మా మాటలు కూడా వినపడేట్టు" అన్నారు. షాట్ ధ్యాసలో పడిపోయిన బావ మళ్ళీ స్టార్ట్ చేశాడు. నెమ్మదిగా తిరుగుతోంది ఇంజిన్. ఆయన ఏదో ఆశీర్వచనం చెబుతున్నారు. మళ్ళీ కట్. మళ్ళీ చప్పట్లు. పాపిష్టి చప్పట్లు!

నేను అక్క చెయ్యి విదిలించుకుని వెళ్ళి కిటికీలోంచి తల లోపలికి పెట్టాను.

"బావా! ఏం చేశావు? ఇరవై నిమిషాలు ఆపొద్దన్నానా లేదా? చిలక్కి చెప్పినట్టు చెప్పానా లేదా?"

ఆయన నాకేసి చూశాడు, తర్వాత తాళం మీదున్న తన చేతికేసి చూసుకున్నాడు.

"ఏంటే ఆ అరుపులు, పెద్దవాళ్ళ ముందు?" అంది వెనక నుంచి అక్క.

జనాన్ని బయటికి తోలేసి, అప్పుడు మళ్ళీ స్టార్ట్ చేసి ఇరవై నిమిషాలూ తిప్పాం. ఉపయోగం లేదని నాకు మొదటి నిమిషంలోనే తెలిసిపోయింది. లోపల ఒకచోట టిక్కు టిక్కుమని మొదలైంది. బావ కూడా విన్నాడు. మర్నాడు నూనె తీసి తెల్ల గుడ్డ మీద పోస్తే ఇనుప రజను తళతళలాడింది. విప్పి చూస్తే క్యామ్ మీద వాల్వుల్ని నెట్టే గుబ్బల్లో రెండు అరిగి గుండ్రాళ్ళలా తయారయ్యాయి. ఆ రజను ఇంజిన్ అంతా పాకింది. మొత్తం ఊడదీసి కడగాలి, బేరింగులు మార్చాలి, కొత్త క్యామ్ రావాలి. షెడ్యూల్‌కి అందే ప్రసక్తే లేదు.

నా కోపం చూడాలి ఆ రోజు. పంతుల్ని, పెద్దాయన్ని, ఫోటోగ్రాఫర్‌ని, అక్కని, అందర్నీ కలిపి కడిగేశాను. చివరికి బావ మీద పడ్డాను. ఎవరికి తెలియకపోయినా నీకు తెలుసు కదా, ఎవడో పంచె కట్టుకున్నాయన కట్ అంటే నువ్వెందుకు ఆపావు, నీ బండి, నీ ఛేజ్, నీ ఆఖరి షాట్ అని గుక్క తిప్పుకోకుండా అడిగాను.

బావ చాలాసేపు అరిగిన ఆ క్యామ్‌ని బొటనవేలితో తడిమాడు.

"నేను ఆపలే మరదలా. చెయ్యి ఆపింది. కట్ అని ఇనపడంగనే చెయ్యి పోతది. నన్నడగది అది. ముందట కెమెరా పట్టుకొని మనుషులు కూసుంటరు, నేలమీద. కట్ అన్నంక ఆపాల్నా వద్దా అని సోంచాయిస్తే వాళ్ళ మీదికి పోతది బండి. గిన్నేండ్లల్ల ఒక్కడికి దెబ్బ తాకనియ్యలే నేను. గదే చెయ్యి ఇది."

పోట్లాడటానికి మనిషి దొరక్కపోతే ఎంత కష్టమో నాకు అప్పుడు తెలిసింది.

డైరెక్టర్ కుర్రాడు వచ్చాడు. క్యామ్ చూసి నిజంగానే బాధపడ్డాడు పాపం. ప్రొడ్యూసర్ ఊరుకోవట్లేదు, ఛేజ్ మొత్తం గ్రాఫిక్స్‌కి ఇచ్చేశారు అని చెప్పాడు. వెళ్తూ వెళ్తూ ఆగి, "మాస్టర్, ఒక హెల్ప్. గ్రాఫిక్స్ వాళ్ళకి కొలతల కోసం ఎవరైనా ఒక మామూలు కారు ఆ రూట్లో మెల్లగా తోలాలి. రిఫరెన్స్ అంతే, సినిమాలో ఉండదు. మీరు వస్తారా?" అన్నాడు.

నా ఒళ్ళు మండిపోయింది. ముప్ఫై ఏళ్ళు గాల్లో కార్లు ఎగరేసిన మనిషిని కొలబద్ద చేస్తావా అని నేను నోరు తెరిచేలోపే బావ, "అట్లనే సార్, ఎప్పుడు రమ్మంటరు?" అన్నాడు.

ఊరి బయట ఇంకా ఇళ్ళు లేని కొత్త లేఅవుట్ రోడ్డు అది. నేనే నా బండిలో తీసుకెళ్ళాను, దారి పొడుగునా సణుగుతూనే ఉన్నాను. అక్కడ కిరాయికి తెచ్చిన చిన్న తెల్లకారు ఉంది, ఒళ్ళంతా గుండ్రటి స్టిక్కర్లు అంటించి. కంప్యూటర్ కుర్రాళ్ళు నలుగురైదుగురు చల్లటి కాఫీలు పట్టుకుని, రోడ్డు మీద అటూ ఇటూ తిరుగుతూ ఫోన్లు చూసుకుంటున్నారు. "అంకుల్, ఇరవై స్పీడ్ దాటొద్దు. దాటితే మాకు ఈ స్టిక్కర్ల ట్రాకింగ్ పోతుంది" అన్నాడు ఒకడు.

బావ నా బండి డిక్కీలోంచి సంచీ తీశాడు. మోచేతులకి ప్యాడ్లు కట్టుకున్నాడు. ప్యాంటు పైనుంచి మోకాళ్ళకి కట్టుకున్నాడు. గీతలు పడిన నల్ల హెల్మెట్ బయటికి తీశాడు. కుర్రాళ్ళు ఒకర్నొకరు చూసుకుని నవ్వారు. ఆయన పట్టించుకోలేదు. తెల్లకారు చుట్టూ తిరిగి, నాలుగు టైర్లూ చేత్తో నొక్కి చూసి, బానెట్‌కి చెయ్యి తాకించి కళ్ళకద్దుకుని లోపల కూర్చున్నాడు.

ఆ కారు ఎడ్లబండిలా కదిలింది. సుద్దముక్కతో గీసిన గుర్తు దగ్గర అంగుళం తేడా లేకుండా ఆగింది. "ఇంకొకటి చేద్దాం అంకుల్" అని కేక వేశారు. బావ రివర్స్ చేసుకుంటూ నా పక్కకి వచ్చి ఆగాడు. నాకు ఉండబట్టలేదు.

"ఇరవై స్పీడుకి హెల్మెట్ ఎందుకు బావా? వాళ్ళు నవ్వుతున్నారు."

ఆయన గడ్డం కింద పట్టీ వదులైందేమోనని వేలు దూర్చి చూసుకుని, మళ్ళీ బిగించాడు.

"షాట్ కదా మరదలా" అన్నాడు.

కిటికీ అద్దం పైకెక్కించుకుని మళ్ళీ మొదటి గుర్తు దగ్గరికి పోయాడు. రోడ్డు మధ్యలో ఒక కుర్రాడు ఫోన్ చూసుకుంటూ నింపాదిగా నడుస్తున్నాడు. నేను చున్నీ నడుముకి బిగించి, రోడ్డు పక్కకి వెళ్ళి రెండు చేతులూ చాచి నిలబడ్డాను. "ఏయ్ అబ్బాయ్! తప్పుకో అవతలికి! షాట్ జరుగుతోంది, కనపడట్లేదా?" అని నాకున్న గొంతంతా పెట్టి అరిచాను.